ఎనభై ఒకటో ట్యాగు

"ఏడు!" అన్నాడు కదిర్వేల్, భార్య చేతిలోని రీడరు తెర మీదికి మెడ సాచి. "పెట్టెలో ఉన్న చొక్కాలు ఎనభై. 'ఉన్నాను' అని పలికినవి ఏడు. మిగతా డెబ్భై మూడూ మౌనవ్రతం పట్టాయా?"

పూంగొడి తుపాకీలాంటి ఆ రీడరును అట్టపెట్టె చుట్టూ మరోసారి నెమ్మదిగా తిప్పింది. తెర మీద అంకె ఏడు దగ్గరే ఏడుస్తూ కూర్చుంది.

"హారతి తిప్పితే పలకడానికి అదేమన్నా అమ్మవారా?"

"మీరు నాలుక తిప్పడం ఆపండి. పలుకుతుందేమో చూద్దాం."

రెండో పెట్టె దగ్గరికి వెళ్లింది. పదకొండు. మూడోది, నాలుగు. నాలుగోది, తొమ్మిది. షెడ్డులో గోడ వెంబడి అరవై పెట్టెలు టేపు కట్టుకుని, పెళ్లికి తయారై కూర్చున్నట్టు వరసగా ఉన్నాయి. ఒక్కో పెట్టెలో ఎనభై బనియన్ చొక్కాలు. ఒక్కో చొక్కా మెడకు ఒక రేడియో ట్యాగు. శుక్రవారం, ట్యాగులింకా చొక్కాలకు కట్టకముందు, ఆమె కోయంబత్తూరుకు శిక్షణకు వెళ్లేనాటికి ప్రతి ట్యాగూ బడిలో హాజరు పలికినట్టు పలికింది. ఈ సోమవారం పొద్దున బస్సు దిగి వచ్చేసరికి మూగబోయింది.

"అమ్మా, విన్నావా?" కదిర్వేల్ వంటింటి వైపు కేకేశాడు. "నీ కోడలి ట్యాగులకు తగువొచ్చింది. ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు."

మయిలాత్తాళ్ కాఫీ గ్లాసు పట్టుకుని షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. "మీ ఇద్దరికీ లేని తగువు వాటికి ఎక్కడినుంచి వస్తుందిరా? మీ దగ్గర నేర్చుకున్నవే కదా. ఇదిగో కన్నూ, ముందు ఇది తాగు. ఆకలి మొహంతో ఏ మిషనూ మాట వినదు."

పూంగొడి గ్లాసు అందుకుంది కానీ తాగలేదు. గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది.

మూడు గంటలకు నందితా కామత్ వస్తుంది. యూరపులో వందల దుకాణాలున్న కంపెనీకి దక్షిణాది మొత్తం మీద ఆమె మాటే మాట. షెడ్డు మధ్యలో బిగించిన రీడరు సొరంగంలోంచి అరవై పెట్టెలూ ఒక్కొక్కటిగా వెళ్లాలి. ప్రతి పెట్టెకూ ఎనభై అంకె పడాలి. పడితే ఆ కంపెనీ తిరుప్పూరులో కుట్టించే ప్రతి చొక్కాకూ ట్యాగు ఈ షెడ్డులోనే తయారవుతుంది. పడకపోతే ఐదింటికి కరూరు నుంచి లారీ వస్తుంది. పూంగొడి పట్టుబట్టి తెప్పించిన ట్యాగుల మిషనును అమ్మకానికి ఎత్తుకుని వెళ్లిపోతుంది.

ఆ మాట ఇచ్చింది పూంగొడే. పోయిన వారం, భోజనాల దగ్గర, అందరి ముందూ. లారీని మాట్లాడింది మాత్రం కదిర్వేల్.

"లారీవాడు సిద్ధంగా ఉన్నానని ఫోను చేశాడు," అన్నాడతను ఇప్పుడు, గొంతు కాస్త తగ్గించి.

"అప్పుడేనా?"

"ముందు జాగ్రత్త."

"మీకు నా మీద ఎంత నమ్మకమండీ! ఓడిపోతానని అంత గట్టిగా నమ్మినవాళ్లు ఈ ఊళ్లో ఇంకొకరు లేరు."

కదిర్వేల్ నవ్వబోయి మానుకున్నాడు. ఆమె టేపు చీల్చి మొదటి పెట్టె మూత తెరిచింది. పైనున్న చొక్కాను సంచిలోంచి తీసి మెడ దగ్గరి ట్యాగును వెలుతురులోకి తిప్పింది.

తళుక్కుమంది.

తెల్లటి ట్యాగు నాలుగంచుల చుట్టూ, వేడి అచ్చుతో నొక్కిన బంగారు రేకు గీత. వంకర లేదు, చెదురు లేదు. ఆమె శుక్రవారం వదిలివెళ్లిన ట్యాగు మీద ఆ గీత లేదు. నందితా కామత్ సంతకం చేసిన నమూనాలోనూ లేదు.

మయిలాత్తాళ్ పైకప్పు రేకుల వంక చూసింది. అచ్చు విభాగం మేస్త్రీ ఆరుచ్చామి తన చెప్పుల వంక చూసుకున్నాడు. ముప్పై ఏళ్లుగా తొడుగుతున్న చెప్పులను ఆ రోజే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

పూంగొడి అందరినీ దాటి షెడ్డు మూలకు చూసింది. అక్కడ పాత అచ్చు యంత్రం పక్కన మామగారు చెన్నియప్పన్ బల్ల మీద కూర్చుని, తెల్లపంచె కొంగుతో యంత్రం పిడిని తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. కుడిచేతి బొటనవేలి గోరు మీద బంగారు పొడి మెరుస్తోంది.

"మామయ్యా."

"ఊఁ."

"ఈ గీత?"

"బాగుందా?" అన్నాడు పెద్దాయన, తల ఎత్తకుండా.

ఆ మూడక్షరాల ప్రశ్నలో ఎంత ఆశ ఉందో పూంగొడికి తెలిసింది. తెలిసినందుకే కోపం రెట్టింపయింది.

"బాగుంది. చాలా బాగుంది. నా ట్యాగుల గొంతు నొక్కేసింది."

"గీత గొంతెలా నొక్కుతుందమ్మా? అది అంచు మీదుంది."

"అది రేకు మామయ్యా, లోహం. ఈ ట్యాగు కడుపులో ఆవగింజంత చిప్పుంది. దానికి అటూ ఇటూ రెండు చేతులు చాపినట్టు సన్నటి తీగ. రీడరు పిలిస్తే ఆ చేతులెత్తి 'ఉన్నాను' అనాలి. మీరు ఆ చేతుల మీద బంగారు బేడీలు వేశారు."

"నలభై రెండేళ్లు!" చెన్నియప్పన్ లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు ఆ షెడ్డు యంత్రాల మోత మీద పెరిగింది, సన్నగా రాదు. "నలభై రెండేళ్లలో నా ప్రెస్సు నుంచి బంగారు గీత లేని లేబులు సముద్రం దాటలేదు. నేత లేబులు చేశాను, అచ్చు లేబులు చేశాను, నల్లగీతల బార్‌కోడు వచ్చినప్పుడు అదీ చేశాను. ప్రతిదాని మీదా గీత గీసి పంపాను. ఒక్కటీ తిరిగి రాలేదు. ఇది నీ మొదటి పని. ఆడపిల్లను బోసి మెడతో పంపిస్తానా?"

"నాన్నా, నమూనా మీద సంతకం అయ్యాక..." అన్నాడు కదిర్వేల్.

"నువ్వుండరా. పందెంలో అటువైపు కూర్చున్నవాడికి ఇటువైపు మాట దేనికి?"

"నాకు పెళ్లినాడు పెట్టని బంగారమంతా చొక్కాలకు పెట్టాడు ఈ మనిషి," అంది మయిలాత్తాళ్, ఎవరికీ కాకుండా పైకప్పుకే చెప్పుకుంటూ.

పూంగొడి గ్లాసు బల్ల మీద పెట్టింది. కాఫీ మీద మీగడ కట్టింది.

"మామయ్యా, బార్‌కోడు కాలంలో ఒక్కొక్క చొక్కా వరసలో నిలబడి పేరు చెప్పుకునేది. మీ గీత దానికి అడ్డం కాలేదు. ఇప్పుడు అలా కాదు. మూసిన పెట్టెలోంచి ఎనభై ఒక్కసారిగా కేకేస్తాయి. అక్కడ దుకాణంలో ఒక అమ్మాయి రీడరు పట్టుకుని నడిచిపోతే పది నిమిషాల్లో కొట్టంతా లెక్క తేలుతుంది. రేపు అంచులో కుట్టేసే లేబులు వస్తోంది. యాభై ఉతుకులకూ చావదు. ఏ చేను పత్తి, ఏ రంగు, ఎవరు కుట్టారు, అన్నీ చెబుతుంది. చిరిగి పారేశాక కూడా దేనితో నేశారో చెప్పి మళ్లీ దారంగా మారుతుంది. మీ గీత కళ్లకు చెప్పే మాట. నాది కళ్లు లేనివాటికి చెప్పే మాట. నన్నొక్క మాట అడిగి ఉంటే..."

ఆమె అక్కడ ఆగింది. ఆగకూడని చోట ఆగితే మాట మరీ గట్టిగా వినిపిస్తుంది.

చెన్నియప్పన్ పంచె కొంగు వదిలేశాడు. బొటనవేలి గోరును ఒకసారి చూసుకున్నాడు. తర్వాత ఎవరి మొహమూ చూడకుండా షెడ్డులోంచి బయటికి నడిచాడు.

"చూశావా, ఏం చేశావో?" అన్నాడు కదిర్వేల్.

"చేసింది నేనా?"

"ఆయన్ను అంత మాట..."

"మీరు లారీని పిలిచారు, నేను మాట అన్నాను. ఏది బరువో తూకం వేయించండి."

అని, కోపం చల్లారేలోగా పనిలో పడింది. అది ఆమె పద్ధతి. కోపం వేడి మీదున్నప్పుడే ఆమె బుర్ర బాగా ఉడుకుతుంది.

మొదటి పెట్టెలోని ఎనభై ట్యాగుల్నీ ఒక్కొక్కటిగా రీడరు ముందు పెట్టింది. పలికిన ఏడింటినీ బల్లకు కుడివైపు పరిచింది. పలకని వాటిలోంచి ఏడు తీసి ఎడమవైపు పెట్టింది. ఆరుచ్చామిని పిలిచింది.

"అన్నా, ఈ రెండు వరసలకూ తేడా ఏమిటి? అచ్చువాడి కంటితో చూసి చెప్పండి."

ఆరుచ్చామి కళ్లజోడు దించుకుని వంగాడు. "ఎడమవైపువి బంగారం లాంటి పని. కుడివైపువి..." నాలుక కొరుక్కున్నాడు. "దండగ సరుకు. రెండు చివర్లా రేకు సరిగ్గా అంటలేదు. అచ్చు దిమ్మె కొనల దగ్గర అరిగిపోయింది, అప్పుడప్పుడూ పట్టదు. అయ్య వీటిని చూసుంటే ఏరి పారేసేవాడు."

పూంగొడి నిటారుగా నిలబడింది. పని బాగా కుదిరినవి మూగవి. పని చెడిపోయినవే మాటకారులు. చెడినచోటు రెండే. అటు చివర, ఇటు చివర. సరిగ్గా ఆ తీగ చేతులు చాపి ఉన్న చోటు.

"అంటే గీతంతా పోనక్కర్లేదు! రెండు చివర్లా వేలి వెడల్పు మేర రేకు తీస్తే చాలు."

"తీస్తే కాగితం లేచిపోతుందమ్మా. బ్లేడు పెడితే కోసుకుపోతుంది. కొత్తవి కొట్టేద్దామా?"

"ఖాళీ ట్యాగుల చుట్టలు అయిపోయాయి. వచ్చే వారం గానీ రావు."

అప్పుడు గుమ్మంలో అడుగుల చప్పుడయింది. చెన్నియప్పన్. చేతిలో తుప్పుపట్టిన బిస్కెట్ డబ్బా. దాన్ని బల్ల మీద బోర్లించాడు. డెబ్భై ఎనభై గుండ్రటి రబ్బర్లు దొర్లాయి. ఒకవైపు ఎరుపు, మరోవైపు ఇసుక రంగు. పాత టైపు మిషన్ల కాలం నాటివి.

"గీత వంకరపోయిన రోజుల్లో నేనూ తుడిచాను," అన్నాడు ఆయన. కోడలి వైపు కాదు, ట్యాగుల వైపు చూస్తూ. "ఎర్రవైపుతో కాదు, ఇసుకవైపుతో. ఒకే దిక్కుకి. వెనక్కి లాగితే కాగితం నలుగుతుంది. నాలుగు రుద్దులు. ఐదోది రుద్దితే పాడు."

ఒక ట్యాగు తీసుకుని చివర్న ఆనించాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఊదాడు. బంగారు పొడి గాల్లో ఎగిరింది. రెండో చివర. ట్యాగును తిప్పి కోడలి ముందు పెట్టాడు.

పూంగొడి రీడరు పట్టింది.

టింగ్.

బల్ల మీద నాలుగు వేల ఎనిమిది వందల పనులున్నాయి. మాటలకు తీరిక లేదు. కానీ పెద్దాయన తీసుకున్న రెండో ట్యాగును ఆమె సరిగ్గా పట్టుకుని నిలబెట్టింది, ఆయన రుద్దాడు.

తర్వాత ఆమె బయటికి వెళ్లి నందితా కామత్‌కు ఫోను చేసింది. కదిర్వేల్ వెనకే వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడమ్, నమూనాకూ సరుకుకూ ఒక తేడా ఉంది. ట్యాగు మీద బంగారు గీత పడింది. అది రీడరుకు అడ్డం వస్తోంది. అడ్డమున్న చోట తీసేస్తున్నాను. ముందే చెబుతున్నాను."

నందితా కామత్ వెంటనే తేల్చేసింది. "గీత సంగతి నేనొచ్చి చూస్తాను. నాకు కావలసింది లెక్క. పెట్టెకు ఎనభై. ఒక్కటి తగ్గినా ఏమీ అడక్కండి."

"తగ్గదు మేడమ్."

ఫోను పెట్టేశాక కదిర్వేల్ అన్నాడు, "దాచి ఉంటే పోయేది కదా?"

"దాస్తే వాళ్ల దుకాణంలో బయటపడేది. అప్పుడు మీకు లారీ కూడా దొరికేది కాదు."

పదిన్నరకల్లా మయిలాత్తాళ్ వీధిలోని ఆడవాళ్లందరినీ షెడ్డులోకి తోలుకొచ్చింది. బనియన్ కంపెనీల్లో పొద్దున షిఫ్టు లేనివాళ్లు, రిటైరైన చేతి కుట్టువాళ్లు, చెల్లెలి తోడికోడలు. నలభై మంది. "చొక్కాల మీద బంగారం తీసిపెట్టండర్రా. తీసిన పొడి మాత్రం మీది కాదు, నాది. గాజులు చేయించుకోవాలి," అంది. చాపలు పరిచారు. సంచుల మూతులు విప్పారు. చెన్నియప్పన్ వరసల మధ్య తిరుగుతూ, "నాలుగు! నాలుగే! ఐదు రుద్దిన చేతికి రబ్బరు లేదు!" అని అరుస్తున్నాడు. ఒక గంట క్రితం ఓడిపోయిన మనిషిలా లేడు, పెళ్లి పెద్దలా ఉన్నాడు.

"అయ్యా, మీరు వేసిన గీత మీరే చెరిపిస్తున్నారు. సంతోషమేనా?" అని ఒకామె ఆట పట్టించింది.

"చెరిపేది చివర్లే. నడుము అలాగే ఉంది. ఈ వయసులో నడుము నిలవడమే గొప్ప."

పన్నెండున్నరకు బియ్యం, పప్పు కలిపి వండిన అరిసి పరుప్పు సాదం గుండిగతో దిగింది. పైన నెయ్యి, పక్కన అప్పడం. చేతులు కడుక్కోమని మయిలాత్తాళ్ ఒక్కొక్కరి గోళ్లు చూసి మరీ వడ్డించింది. కదిర్వేల్ తిని, చేయి తుడుచుకుని, ఒక చాప చివర కూర్చున్నాడు. రబ్బరు తీసుకున్నాడు. పూంగొడి దూరం నుంచి చూసింది. అతను ఒక ట్యాగు రుద్దాడు. ఊదాడు. ఇంకొకటి తీసుకున్నాడు.

లారీ వద్దని మాత్రం ఫోను చేయలేదు.

రెండూ నలభైకి చివరి పెట్టె మీద టేపు పడింది. మూడింటికి నిమిషం ముందు నందితా కామత్ కారు దిగింది. కాఫీ వద్దంది. కుర్చీ వద్దంది. సొరంగం పక్కన నిలబడి, "మొదలుపెట్టండి," అంది.

ఆరుచ్చామి మొదటి పెట్టెను కదిలే పట్టా మీదికి తోశాడు. సొరంగం మింగింది, అవతల కక్కింది.

ఎనభై.

రెండోది. ఎనభై. పదోది. ఎనభై. నలభై మంది ఆడవాళ్లు గోడకు ఆనుకుని, గోళ్ల సందుల్లో బంగారంతో, శ్వాస బిగబట్టి అంకె చూస్తున్నారు. ముప్పయ్యోది. ఎనభై. పూంగొడి మాత్రం తెర వైపు చూడటం మానేసింది. నందితా కామత్ మొహమే చూస్తోంది. నమ్మకంగా ఉన్నవాళ్లు అంకెలను చూడరు, అంకెలు చూసేవాళ్లను చూస్తారు.

యాభై తొమ్మిదోది. ఎనభై.

అరవయ్యోది వెళ్లింది.

ఎనభై ఒకటి.

"ఇదేమిటి?" అంది నందితా కామత్. "తగ్గదని చెప్పారు. పెరుగుతుందని చెప్పలేదే?"

పెట్టెను వెనక్కి తెచ్చి మళ్లీ పంపారు. ఎనభై ఒకటి. కదిర్వేల్ కళ్లు మూసుకున్నాడు. పూంగొడి పెట్టె వైపు చూడలేదు. సొరంగం వైపు చూసింది. చివరి పెట్టె అనేసరికి సొరంగానికి అడుగు దూరంలోకి వచ్చి కళ్లార్పకుండా చూస్తున్న మామగారి వైపు చూసింది. ఆయన తెల్లచొక్కా జేబు వైపు చూసింది.

"మామయ్యా, మీరు నాలుగడుగులు వెనక్కి జరగండి."

ఆయన జరిగాడు. పెట్టె మళ్లీ వెళ్లింది.

ఎనభై.

గోడ పొడుగునా నవ్వు పేలింది. చెన్నియప్పన్ జేబు తడుముకుని, పసుపు కుంకుమ అంటిన ఒక ట్యాగు బయటికి తీశాడు. "దేవుడి పటం ముందు పెట్టిందమ్మా. మొదటిది అక్కడ పెట్టడం మా ఆనవాయితీ. పొద్దున కాస్త ధైర్యానికి జేబులో వేసుకున్నాను," అన్నాడు, దొంగతనంగా మిఠాయి తిన్నవాడిలా.

"దీని మీద గీత లేదే?" అంది నందితా కామత్ తీసుకుని.

"దేవుడికి అలంకారం అక్కర్లేదనుకున్నాను."

ఆమె మొదటిసారి నవ్వింది. కాగితం బల్ల మీద పెట్టి, ఒత్తి సంతకం చేసింది. "గీత సంగతి. చివర్లు వదిలేసి నడుము ఉంచండి. మా వాళ్లకు నచ్చుతుంది. కొత్త నమూనా పంపించండి." తర్వాత, ఊరికే కుతూహలం కొద్దీ, దేవుడి ట్యాగు మీది చదరపు క్యూఆర్ గుర్తుకు తన ఫోను చూపించింది. చదివి కనుబొమలెత్తింది. "మీ కంపెనీ పేరు మార్చారా?"

"లేదే," అంది పూంగొడి.

నందితా కామత్ ఫోను తిప్పి చూపించింది. చొక్కా పుట్టుపూర్వోత్తరాల పేజీ. తయారీదారు అన్నచోట ఇలా ఉంది:

*చెన్నియప్పన్ అండ్ కోడలు, తిరుప్పూరు.*

ఆరుచ్చామి మళ్లీ చెప్పుల వంక చూసుకున్నాడు.

"ఆదివారం ఈ ఆరుచ్చామే నొక్కాడు. నేను చెప్పాను," అన్నాడు చెన్నియప్పన్, ఇప్పుడు కోడలి మొహంలోకి సూటిగా చూస్తూ. "నా కాలంలో పేరు మార్చాలంటే దిమ్మె మార్చాలి, కాగితం మార్చాలి, పాత సరుకు కాల్చాలి. ఇదేమో కంప్యూటరులో ఒక్కచోట మారిస్తే నాలుగు వేల ఎనిమిది వందల చొక్కాలూ ఒప్పుకున్నాయి. ఒక్కటీ ఎదురు చెప్పలేదు. నాకు నచ్చింది కన్నూ, నీ మిషను."

పూంగొడి ఫోను అందుకుని ఆ పేరు మీద వేలు ఆనించింది.

ఫోను చేతులు మారి కదిర్వేల్ దగ్గరికి వచ్చింది. అతను చదివాడు. మళ్లీ చదివాడు. తిరిగి ఇచ్చేశాడు.

బయట హారను మోగింది. ఐదు కాకుండానే కరూరు లారీ వచ్చింది.

"కదిరూ," అన్నాడు చెన్నియప్పన్ మెల్లగా, "పిలిచింది నువ్వు. ఏం చెబుతావో నువ్వే చెప్పు."

కదిర్వేల్ గేటు వైపు నడిచాడు. గేటు పైన ఇనప అక్షరాల బోర్డు, ఇరవై ఏళ్ల నాటిది, రంగు వెలిసింది: చెన్నియప్పన్ అండ్ సన్. ఆ చివరి మాట కింద అతను ఆగాడు. తల ఎత్తి చూశాడు. అవతల డ్రైవరు మళ్లీ హారను కొట్టాడు.

అతని చేయి గొళ్లెం మీద పడింది. తీసి లారీని లోపలికి రానివ్వడానికో, బిగించి తిప్పి పంపడానికో వెనకనుంచి చూస్తున్న పూంగొడికి తెలియలేదు. చేతికి మాత్రం ఇంకా బంగారు పొడి అంటుకునే ఉంది.